బోణీ ఫోటో

అయినా పౌడరు కొంచెం తక్కువ రాసుకోవాల్సింది, ఈ అద్దంలో చూసుకుంటే నా ముఖానికి వడియాల పిండి పూసినట్టుంది, అద్దం కూడా అంత మంచిదేం కాదు, అంచులు నల్లబడి నిలువునా ఒక గీత పడింది, నలుగురి ముఖాలు బాగా కనిపించేట్టు చేసి బతికేవాడు ఒక మంచి అద్దం పెట్టుకోకూడదా, పక్కనే దారంతో మేకుకు కట్టేసిన దువ్వెన, దాని పళ్లలో ఎవరివో రెండు వెంట్రుకలు, చచ్చినా నేను దాన్ని ముట్టను, పైన ఫ్యాను కదలడం లేదు, మేం గడప లోపల అడుగు పెట్టామో లేదో కరెంటు పోయింది, మా అత్తమ్మ ఉండి ఉంటే సూసినవా హైమా, నీ జపాను ప్రయాణం దీపాలార్పింది అని ఒక మాట విసిరేది, ఆవిడ మిర్యాలగూడలో ఉంది కాబట్టి బతికిపోయాను, జపాను మాట ఆవిడకు తెలుసు గానీ ఫోటో సంగతి తెలియదు, సూర్యాపేటలో డాక్టరుకు నా మోకాళ్లు చూపించడానికని చెప్పి వచ్చాం, అబద్ధం చెప్పింది మా ఆయన, నేను పక్కన నిలబడి మోకాలు పట్టుకున్నాను, ఇరవై ఏళ్లు దాటిన కాపురంలో మేమిద్దరం కలిసి ఆడిన మొదటి అబద్ధం అదే అయి ఉంటుంది, తలుచుకుంటే నవ్వొస్తోంది, నవ్వకూడదు, స్టూడియో దేవసహాయంగారు తెర పక్కనుంచి ఇటే చూస్తున్నారు, గుంటూరు వైపు మనిషి, నోరు తెరవగానే తెలిసిపోతుంది, ఇప్పుడే వచ్చేస్తుందండీ అమ్మగారూ, బల్బులు వెలగందే పాస్‌పోర్టు ఫోటో సరిగ్గా రాదు, కాస్త అలా కూర్చోండి అన్నారు, కూర్చున్నాను.

మిర్యాలగూడలో స్టూడియో లేక కాదు ఇంత దూరం రావడం, అక్కడ ఫోటో దిగితే మధ్యాహ్నానికల్లా బజారంతా తెలిసిపోతుంది, తీరా నేను రానంటే మీ ఆవిడ ఆగిపోయిందట గదా సేటూ అని పరామర్శలు, అదంతా ఎందుకని ఆయనే సూర్యాపేట పోదం అన్నారు, నేను ఇంకా వస్తానని అనలేదు, ఫోటో దిగుదువు, మనసు కుదరకుంటే ఆ ఫోటో పెట్టెల ఏసుకుందువు అన్నారు, జపాను అంటే నాకేం తెలుసు, కుట్టుమిషను సూదుల డబ్బా మీద చదివిన పేరు, సాగరు కాలువ నీళ్లొచ్చాక మిర్యాలగూడ చుట్టూ ఎటు చూసినా వరే, వడ్లు బండ్ల మీద బండ్లు వచ్చి పడుతున్నాయి, మా పాత హల్లరు మిషన్లలో వేస్తే గింజ విరిగి నూకవుతోందని మిల్లుల వాళ్లంతా తలలు పట్టుకున్నారు, జపాన్లో రబ్బరు రోలర్లతో పొట్టు వలిచే మిషన్లున్నాయట, గింజ విరగదట, ఒకసారి చూసొద్దామని సంఘం వాళ్లు జట్టు కట్టారు, అందులో మా ఆయన ఒకరు, పోతే పోతారు, రంగూన్ పోలేదా, కొలంబో, సింగపూర్ పోలేదా అనుకుని నేను ఎప్పట్లాగే కారప్పొడి కొట్టించి, అటుకులు వేయించి డబ్బాలకు ఎత్తుతున్నాను, ఒకనాడు మధ్యాహ్నం పెరుగన్నం కలుపుకుంటూ, తల ఎత్తకుండా, నువ్వు గూడ రారాదు అన్నారు, ఎక్కడికండీ అన్నాను, జపాన్‌కే అన్నారు, ఏదో కోదాడలో మా పుట్టింటికి పోదాం రమ్మన్నంత తేలిగ్గా, వంటింటి గడప మీద కూర్చున్న అత్తమ్మ చెవిన పడనే పడింది, పెండ్లికి పోతూ పిల్లిని సంకల వెట్టుకున్నట్టు, యాపారం మీద పోయెటోడు పెండ్లాన్ని యెంటేసుకపోతడా నర్సిమ్మా అంది, ఆ పిల్లిని నేనే అన్నమాట, ఆయన పెరుగన్నం ముద్ద మింగి, మిషన్ల పని ఐదారు రోజుల్ల ఖతమైతదమ్మా, ఆ తర్వాత నాలుగు రోజులు ఉత్తగ ఉందమనుకుంటున్న అన్నారు, నా చేతిలో చారు గరిట అలాగే ఉండిపోయింది, ఉత్తగ ఉండడం అనే మాట ఆ నోట నేను అదే వినడం.

ఎందుకంటే ఈయన సంగతి నాకు తెలియదా, రంగూన్ ఎట్లా ఉందండీ అని అడిగితే నూక ఎక్కువ అని చెప్పిన మనిషి, కొలంబో ఎట్లా ఉంది అంటే వాళ్లది ఎర్ర ఉప్పుడు బియ్యం, మన దిక్కు నడవది అన్నారు, పోనీ సింగపూర్లో సముద్రం చూశారు కదా, ఎట్లా ఉంది అంటే ఓడలకెక్కించే కాడ బస్తాలు మస్తు తడుస్తున్నయి, పైన కప్పెయ్యరు అన్నారు, అంత పెద్ద సముద్రాన్ని చూసి తడిసిన బస్తా గురించి చెప్పే మనిషితో ఏం మాట్లాడతాం, అదే మిల్లులు చూడ్డానికి అదే విమానంలో పోయిన రామలింగం అన్నయ్య, ఆయనదీ సూర్యాపేటలో మిల్లే, తిరిగి వచ్చాక మా అరుగు మీద కూర్చుని చెబుతుంటే దారిన పోయేవాళ్లు కూడా ఆగి వినేవారు, ఇగో ఇను చెల్లె, కంపెనీవాడు పొద్దుగాల మిల్లు సూపిస్తడు, పొద్దూకంగ ఇడిసిపెడ్తడు, గప్పటిసంది రాజ్యం మనదే, ట్రామెక్కు, తోటలు సూడు, వాళ్లు తినే కాడ మనకు పనికొచ్చేదేమన్న ఉందేమో ఎతుకు, పోయేటప్పుడు పెట్టెల సగం ఖాళీ ఉంచాలె, పని ముంగట పెట్టుకోవాలె, ఉల్లాసం ఎనక పెట్టుకోవాలె, మీ ఆయన సూడు, పనిగాంగనె గదికొచ్చి తలుపేసుకుంటడు, గట్లయితే గాడికి పోవుడెందుకు, గీడనే పండుకోరాదు అనేవాడు, మా ఆయన నవ్వి ఊరుకునేవారు, ఇప్పుడు రామలింగం అన్నయ్య తన భార్యను తీసుకుపోతున్నాడు, అదే టికెట్టు మీద దారిలో హాంకాంగులో దిగి రెండు రోజులు ఉండొచ్చట, ఎంత లెక్క తెలిసిన మనిషి, ఆయన్ని చూసే ఈయనకు ఈ బుద్ధి పుట్టిందనుకున్నాను, నలుగురూ చేస్తున్నారని, నలుగురితో పాటు నారాయణ అని, నా మీద ఏదో పుట్టి కాదు.

బయట లారీ ఏదో ఆగింది, హైదరాబాదు నుంచి బెజవాడ పోయే లారీలన్నీ ఈ రోడ్డు మీదే కదా, అద్దాల తలుపు వణికింది, ఆయన మెట్ల మీద నిలబడి ఉన్నారు, వడ్ల లారీ అయి ఉంటుంది, దిగి వెళ్తున్నారు, అనుకుంటూనే ఉన్నాను, బస్తా మూలన వేలు పెట్టి నాలుగు గింజలు లాగి, పంటి కింద వేసి పుటుక్కుమనిపించి, క్లీనరుతో ఏదో అంటున్నారు, వచ్చేశారు, అరచేతిలో మిగిలిన గింజలు నాకు చూపించి, పచ్చిగున్నయి, ఆరబెట్టకుండ పంపుతున్నరు అన్నారు, అవునండీ అన్నాను, ఇంకేమంటాను, మళ్లీ మెట్ల మీదికి వెళ్లి నిలబడ్డారు.

ఊరికే ఆడిపోసుకోకూడదు గానీ, పరదేశం పోయి ఖాళీ చేతుల్తో మాత్రం ఎన్నడూ రాలేదు, రంగూన్ నుంచి ఎర్ర లక్క పూసిన వక్కల డబ్బా, కొలంబో నుంచి తాబేటి చిప్పతో చేసిన దువ్వెన, సింగపూర్ నుంచి పూసలల్లిన చెప్పులు, వచ్చిన రోజు ఇంటిల్లిపాదీ చుట్టూ చేరితే పెట్టె తెరిచి దాన్ని మధ్యలో పెట్టి ప్రతిసారీ ఒకటే మాట, ఏం జెయ్యను, పొద్దుగాలనె దుకాణం ముంగట నిలబడ్డ, నాదే మొదటి బేరమైంది, ఉత్తచేతుల్తోని దిగితే ఆయన బోణీ చెడిపోతది గదా అని కొన్న, అనేవారు, మా ఇళ్లల్లో ఆ మాట అన్నాక ఇంకెవరూ నోరెత్తరు, బోణీ అంటే దేవుడి తర్వాత దేవుడు, పొద్దున దుకాణం తెరిచాక గడప తొక్కిన మొదటి మనిషి ఏదో ఒకటి కొనకుండా వెళ్లిపోతే ఆ రోజంతా గల్లా ఏడుస్తుందని మా నమ్మకం, అందుకే మేం ఇంకొకరి దుకాణానికి పోయినా మొదటి బేరమైతే సూది పొట్లమైనా కొనకుండా దిగం, కోదాడలో మా నాన్న అయితే ఎదురు దుకాణంలో బట్టలు ఊరికే చూసి రావాలన్నా ఎవరో ఒకరు ముందు వెళ్లి కొనేదాకా మమ్మల్ని ఇవతలే ఆపేవాడు, దుకాణం పెట్టినోడి బాధ దుకాణం పెట్టినోడికే తెలుస్తుందమ్మా అనేవాడు, కాబట్టి ఈయన కొలంబోలోనూ సింగపూర్లోనూ బోణీలు చేసుకుంటూ తిరిగారంటే మా అత్తమ్మ కూడా, అట్లయితె సరేలే, మంచి పని జేసినవ్ అని మెచ్చుకునేది, తర్వాత ఆ వస్తువు ఎవరికిద్దాం అని మాట వచ్చేది, వక్కల డబ్బా చిన్నదైంది, దువ్వెన మరీ షోకు, చెప్పులు మా తోడికోడలు తొడిగి చూస్తే మడమ బయటే ఉంది, ఎవరికీ పనికిరావు, హైమా నువ్వుంచుకో అనేది అత్తమ్మ, నేను ఉంచుకునేదాన్ని, చెప్పులు నా పాదాలకు కొలిచి కుట్టినట్టు సరిపోయాయి, ఏదో అదృష్టం అనుకున్నాను, అనుకుని గదిలోకి పోయి, మంచం పట్టె మీద కూర్చుని ఏడ్చాను కూడా, ఎవరికీ చెప్పలేదు, చెప్పుకునే ఏడుపా అది, వస్తువు లేక కాదు, ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఇది నీ కోసమని తెచ్చిన అంటారేమోనని ప్రతిసారీ ఎదురు చూసేదాన్ని, ఎవడో ముక్కూ ముఖం తెలియని దుకాణదారుడి గల్లా ఏడవకూడదని కొన్నారు గానీ ఇక్కడ నేను ఏడుస్తానని కొనలేదు కదా అని.

అందుకే రానన్నాను, కాదు, రానని అనలేదు, ఎట్లా వస్తానండీ అన్నాను, తిండి ఒకటి చెప్పాను, చేపలు ఉడికే దేశంలో మనకు ఏం దొరుకుతుంది అన్నాను, కిరసనాయిలు స్టవ్వు చిన్నది కొన్న, రామలింగం జెప్పిండు, బియ్యం గూడ ఏసుకపోదం అన్నారు, చలి అన్నాను, శాలువ ఉన్నదిగద అన్నారు, ఇంట్లో పని అన్నాను, నీ తోడికోడలు ఉన్నది అన్నారు, విమానం భయం అన్నాను, నాక్కూడ భయమే, కండ్లు మూసుకుంట అన్నారు, ఏది చెప్పినా దానికో జవాబు సిద్ధంగా ఉంది, బేరమాడే మనిషి కదా, కానీ నేను చెప్పనిది ఒకటి ఉంది, అది చెబితే నవ్వుతారు, చెప్పడానికి నాకే సరిగ్గా మాటలు లేవు, పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఆ ఇంట్లో ఎప్పుడూ పదిమందికి తక్కువ లేరు, ఆయన తింటుంటే నేను వడ్డిస్తాను, ఉప్పు సరిపోయిందా అంటాను, ఆఁ అంటారు, పిల్లగాని ఫీజు కట్టిండ్రా, అత్తమ్మ మాత్రలు అయిపోయినయి, రేపు ఏకాదశి, ఇవీ మా మాటలు, తిరుపతి పోయినా పదిమందితో, యాదగిరిగుట్ట పోయినా బండి నిండా జనం, మేమిద్దరమే ఒక గదిలో, పని లేకుండా, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చున్న రోజు ఒక్కటి కూడా నాకు గుర్తు లేదు, అక్కడ ఆ నాలుగు ఉత్త రోజులు ఏం మాట్లాడాలి, ఉప్పు సరిపోయిందా అని ఎన్నిసార్లు అడుగుతాను, కిటికీలోంచి చూసి నూక ఎక్కువుందా అనాలా, ఆయన మాట్లాడకపోతే, నేను మాట్లాడితే ఆయనకు విసుగొస్తే, ఇన్నేళ్లూ జనం మధ్యలో ఉన్నాం కాబట్టి బాగానే ఉన్నాం అనిపిస్తోంది, జనం పక్కకు జరిగాక చూస్తే మా ఇద్దరి మధ్య ఏమీ లేదని తేలితే, జపాను పోయి ఆ సంగతి తెలుసుకుని రావాలా, అదీ నా భయం, విమానం కాదు, చేపలు కాదు.

కరెంటు వచ్చింది, ఫ్యాను కిర్రుమని తిరిగింది, దేవసహాయంగారు హమ్మయ్య అని తెర పక్కకు లాగారు, లోపల గోడ మీద మేడ మెట్లు, హంసలు, పూలకుండీ రంగుల్లో గీసిన బొమ్మ, ఎంత బాగుందో, దాని ముందు కూర్చోబెడతారనుకుంటే పాస్‌పోర్టుకు అది పనికిరాదండీ అని దాని మీద తెల్ల దుప్పటి వేలాడదీశారు, హంసలు పోయాయి, బల్బులు రెండూ ముఖం మీద వెలిగాయి, కళ్లు చెదిరాయి, ఎత్తు పీట మీద కూర్చున్నాను, పేరు చెప్పండమ్మా, కవరు మీద రాసుకోవాలి అన్నారాయన, నేను నోరు తెరిచేలోపే తలుపు దగ్గర నుంచి, హైమావతి అని వినబడింది, మా ఆయనే, ఇన్నేళ్లలో ఆయన నోట నా పేరు నేను వినలేదు, మా ఇళ్లల్లో మొగుడు పెళ్లాం పేరు పిలవడు, ఇగో అంటారు, ఇంట్లోకి చూసి గొంతు సవరించుకుంటారు, అంతే, హైమావతి అనేసరికి అది ఎవరో కొత్త మనిషి పేరులా వినిపించింది, గడ్డం కాస్త కిందికి అమ్మగారూ, ఇటు చూడండి, నవ్వకండి, అంటున్నారు దేవసహాయంగారు, ఆ నల్లగుడ్డ కిందికి ఆయన తల దూర్చగానే నాకు ఒక్కసారిగా తట్టింది, ఈ ఫోటో దిగితే ఇక ఆగేది లేదు, అత్తమ్మకు చెప్పాలి, డబ్బాలు రెండింతలు కట్టాలి, ఆ గదిలో ఆ మనిషి ఎదురుగా కూర్చోవాలి, రోట్లో తల పెట్టాక రోకటి పోటుకు భయపడితే ఎట్లా అంటారు గానీ నేనింకా తల పెట్టలేదు కదా, ఇప్పుడే తీసేసుకోవచ్చు కదా, ఆగండి అన్నాను, పీట మీద నుంచి సగం లేచాను, నాకొద్దండీ, నేను రాలేను, మీరు పోయి రండి అన్నాను, ఆయనతోనే అన్నాను గానీ గోడను చూస్తూ అన్నాను.

దేవసహాయంగారు నల్లగుడ్డ తొలగించి మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు, మా ఆయన మెట్ల మీద నుంచి లోపలికి రాలేదు, కోపం లేదు గొంతులో, బలవంతం లేదు, నీ ఇష్టం అన్నారు, అనేసి రోడ్డు వైపు తిరిగి ఎదురుగా ఉన్న ఎరువుల దుకాణం బోర్డు చదువుతున్నట్టు నిలబడ్డారు, ఆ బోర్డు మీద చదవడానికి ఏముంది, రెండే మాటలు, మెడ వెనక చెమట పట్టి లాల్చీ అంటుకుపోయింది, నా మాట నేను చెప్పేశాను, ఇక లేచి పోవడమే, కాలు కింద పెట్టబోయి మళ్లీ ఆగాను, అయ్యో, బోణీ, ఈ స్టూడియోలో మొదటి బేరం మాదే, దేవసహాయంగారు షట్టరు ఎత్తుతుంటే మేం వెనకాల నిలబడి ఉన్నాం, పొద్దున్నే వచ్చి, పీటెక్కి, పేరు రాయించుకుని, బల్బులు వెలిగించాక వద్దని దిగిపోతే ఈ మనిషి గల్లా ఏమైపోవాలి, ఇట్లాంటి పని మా నాన్న చూస్తే నన్ను గడప తొక్కనిచ్చేవాడా, తప్పదు, మళ్లీ కూర్చున్నాను, సరేనండీ, మీ బోణీ చెడగొట్టడం ఎందుకు, తీసెయ్యండి, పెట్టెలో వేసుకుంటాను అన్నాను, అనేశాక ప్రాణం కాస్త కుదుటపడింది, ఇదైతే పోవడానికి దిగే ఫోటో కాదు, ఒక దుకాణదారుడి మంచి కోసం దిగే ఫోటో, ఇందులో నా ప్రమేయం లేదు.

దేవసహాయంగారు నవ్వారు, ఎంత మంచివారో, నా చేత ఆ పని చేయించుకుని ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేదు, మాకు ఆ పట్టింపులేమీ లేవండీ అమ్మగారూ, మా నాన్న పాస్టరు, బోణీ అనే మాట మా ఇంట్లో ఎవరూ అనరు, మీరు మొహమాటపడి దిగాల్సిన పని లేదు, ఇష్టం లేకపోతే సుబ్బరంగా దిగి వెళ్లండి, నేనేమీ అనుకోను అన్నారు, అని బల్బు ఒకటి ఆర్పేశారు కూడా, నేను దిగుతాననే.

నేను దిగలేదు, దిగమని కాళ్లకు చెప్పాను, దిగలేదు, ఇదేం వింత, బోణీ లేదంటున్నాడు, గల్లా ఏడవదంటున్నాడు, మరి నేను ఈ పీట మీద ఇంకా ఎందుకు కూర్చున్నాను, ఎవరి మంచి కోసం, పొద్దున తెల్లవారక ముందే లేచి, మొదటి బస్సు దొరకకపోతే ఎండెక్కుతుంది లేవండి లేవండి అని ఆయన్ని తొందరపెట్టింది ఎవరు, నేనే కదా, పెట్టెలో పడి ఉన్న ఆకుపచ్చ పట్టంచు చీర తీసి రాత్రే మడత విప్పి గాలికి వేసింది ఎవరు, నేనే, వద్దనుకున్న మనిషి మొదటి బస్సెక్కుతుందా, ఎవరి దుకాణానికైనా మొదటి బేరం కావాలంటే ముందు ఇంట్లో నుంచి అంత పొద్దున్నే బయల్దేరాలి కదా, బోణీ అనేది గడప ఎక్కాక నోటికొచ్చిన మాట, గడప దాకా తెచ్చింది కోరికే, అయ్యో నా మతి మండా, ఇది ఇన్నేళ్లూ తట్టలేదే నాకు, ఎనిమిది గంటలకు మిల్లు దగ్గర ఉండాల్సిన మనిషి, పని అయ్యాక గది తలుపేసుకునే మనిషి, ఆడవాళ్ల దువ్వెనలమ్మే దుకాణం ముందు అది తెరవక ముందే ఎందుకు నిలబడ్డాడు, దారిలో కాలికి తగిలిందా ఆ దుకాణం, వెతుక్కుని పోలేదా, ఆ ఊళ్లో ఎవరినో అడగలేదా, నా చెప్పుల కొలత ఏ దారప్పోగుతో కొలుచుకున్నాడో, ఎప్పుడు కొలుచుకున్నాడో, నేను నిద్రలో ఉన్నప్పుడా, తల్లీ అన్నా వదినా అందరూ చుట్టూ ఉంటే ఇది నా పెండ్లానికి తెచ్చిన అని చెప్పడానికి నోరు రాని మనిషి, మా ఇంట్లో ఎవరూ ఎదురు చెప్పలేని ఒకే ఒక్క మాట పట్టుకుని దాని కింద నన్ను దాచి ఇంట్లోకి తెచ్చాడు, ఎంత పిరికివాడు, ఎంత తెలివైనవాడు, నేను మాత్రం తక్కువ తిన్నానా, ఇప్పుడు అదే మాట పట్టుకుని అదే పని చేయబోలేదా, ఇద్దరం ఇద్దరమే, మాటలు లేవని భయపడ్డాను గానీ ఇన్నేళ్లూ ఈయన మాట్లాడుతూనే ఉన్నాడు, నేనే వాటిని బోణీ లెక్కలో వేసి పక్కన పెట్టాను, ఇప్పుడు చూస్తే సూర్యాపేటలో గోనెసంచుల పని గానీ మార్కెట్ పని గానీ ఒక్కటీ పెట్టుకోకుండా ఈయన ఇక్కడికి వచ్చింది ఇదే మొదటిసారి, నా ఫోటో పని ఒక్కటే పెట్టుకుని వచ్చి, దాన్ని నేను వద్దంటే, అట్లా రోడ్డు వైపు తిరిగి ఎరువుల బోర్డు చదువుతూ నిలబడ్డాడు పాపం, ఇటు తిరిగితే ముఖం కనబడుతుందని, ఆ చెమట పట్టిన వీపు చూస్తే నాకు జాలి, కోపం, ఇంకా ఏదో, పేరు తెలియనిది, ఒక్కసారే పొంగుకొచ్చాయి.

ఇగో, ఇటు రండి అన్నాను, నా గొంతు నాకే గట్టిగా వినబడింది, ఆయన తిరిగారు, నేను గోడను చూడలేదు, ఆయన్నే చూశాను, ఆ బల్బు వెలిగించండి దేవసహాయంగారూ అన్నాను, మీ బోణీ కోసం కాదు, పెట్టెలో వేసుకోవడానికీ కాదు, నేను వస్తున్నాను అన్నాను, ఆయన ఏదో అనబోయి గొంతు సవరించుకున్నారు, అంతే, ఆ నాలుగు రోజులూ ఇట్లా గొంతు సవరించుకుంటూనే గడుపుతారేమో, గడపనీ, నేను అడుగుతాను, కొలంబోలో ఆ దుకాణం ఎక్కడుందో, ఎంతసేపు నిలబడ్డారో, ఏమనుకుంటూ నిలబడ్డారో, ఒక్కొక్కటే అడుగుతాను, చెప్పకపోతే నేనే మాట్లాడతాను, నాకేం మాటలు లేకనా, కోదాడ మనిషిని, దేవసహాయంగారు నల్లగుడ్డ కింద నుంచి గడ్డం కిందికి అమ్మగారూ అంటున్నారు, దించాను, వెలుగు కళ్లలో పడుతోంది, నవ్వకండి అంటున్నారు, అది మాత్రం నా వల్ల కావడం లేదు, నాకు ఈయనతో పోవాలని ఉంది, ఎప్పటి నుంచో ఉంది.